గర్వపడేందుకు అనుమతి

గెలిచిన జట్టును చూసి దాని కోచ్ గర్వపడటం సహజమని చాలామంది పొరబడుతుంటారు. అది సహజం కాదు, సౌకర్యం. నల్లా కనెక్షన్‌లాగా, కరెంటు మీటరులాగా, సంబంధిత విభాగం మంజూరు చేస్తేనే వస్తుంది. మంజూరుకు ముందే గర్వపడటాన్ని అక్రమ కనెక్షన్‌గా పరిగణిస్తారు. కార్వాన్‌లోని ఒక ప్రైవేటు బడిలో ఆటల మాస్టరుగా పనిచేసే డానియేలు సారుకు ఈ నియమం తెలియదు. ఆయన జట్టు గెలిచిన రోజునే గర్వపడ్డారు.

కార్వాన్‌కు గోల్ఫ్ ఎలా వచ్చిందో ముందు చెప్పాలి. ఎవరో ధనవంతులు తాము వాడి విడిచిన గోల్ఫ్ కర్రలను బడికి దానమిచ్చారు. బడి యాజమాన్యం వాటిని హాకీ కర్రలనుకుని సంతోషంగా పుచ్చుకుంది. (దానమిచ్చినవారికి సన్మానం కూడా జరిగింది. ఆ సభలో హాకీ గొప్పదనం గురించి మాట్లాడారు.) డానియేలు సారు అసలు సంగతి కనిపెట్టి, ఎట్లాగూ వచ్చాయి కదా అని, ఫోన్‌లో వీడియోలు చూసి గోల్ఫ్ నేర్చుకోవడం, నేర్చుకున్నది మర్నాడు పిల్లలకు నేర్పడం మొదలుపెట్టారు. పిల్లలకన్నా ఒక వీడియో ముందుండటమే ఆయన అర్హత. కొంతకాలానికి ఏ వీడియోలోనూ లేని సంగతులు కూడా ఆయనకు తెలిసివచ్చాయి. జట్టులోని నలుగురిలో జోయెల్‌ను మెచ్చుకుంటే బంతి ఎక్కడికో ఎగిరిపోతుందనీ, బేబీని కాసేపు నవ్వించి ఆడనిస్తే తిన్నగా కొడుతుందనీ, స్రవ్య గుంత దగ్గరికి వచ్చేసరికి ఊపిరి బిగబట్టి చెడగొట్టుకుంటుందనీ.

సాధనకు పురానాపూల్ దగ్గర మూసీ ఒడ్డున ఒక ఖాళీ జాగా దొరికింది. అక్కడ గడ్డి కురచగా ఉంచే బాధ్యత బర్రెలు తీసుకున్నాయి. ఇసుకలోంచి బంతిని లేపడం, కొత్తగా ఇళ్లు కడుతున్నవారి ఇసుక కుప్పల మీద నేర్చుకున్నారు. (ఇంటి యజమాని కనిపిస్తే పరుగెత్తడం కూడా శిక్షణలో భాగమే.) బంతిని మెల్లగా గుంతలోకి దొర్లించడానికి మాత్రం చదునైన పచ్చిక కావాలి. దాన్ని స్రవ్య తండ్రి వైకుంఠం సమకూర్చాడు. ఆయనది షామియానాల వ్యాపారం. గోదాములో పెళ్లిళ్లకు పరిచే ఆకుపచ్చ కార్పెట్ ఉంది. ముహూర్తాలున్న రోజుల్లో అది పెళ్లికి పోతుంది, లేని రోజుల్లో జట్టుకు దక్కుతుంది. అందుచేత ఆ ఏడు మూఢం వచ్చినప్పుడు జట్టు ఆట విపరీతంగా మెరుగుపడింది.

మూఢం వెళ్లిన వెంటనే జరిగిన రాష్ట్ర జూనియర్ పోటీల్లో వాళ్లు కప్పు గెలిచారు. చక్రాల సంచులతో, గొడుగు పట్టే మనుషులతో వచ్చిన పిల్లలు ఓడిపోయారు. డానియేలు సారు భార్య రాజమణి, ఆసుపత్రిలో నర్సు, గల్లీ అంతా మిఠాయి పంచింది. "మా ఆయన పిల్లలకు బంతిని గుంతల వేసుడు నేర్పిండు" అని ఆమె చెబితే, రోడ్డు మీద ఉన్న గుంతలు చాలవా అని ఒకరిద్దరు అడిగారు. అయినా మిఠాయి తిన్నారు. ఆ రోజు డానియేలు సారు కప్పును ఒళ్లో పెట్టుకుని, తుడిచిన చోటే మళ్లీ తుడుస్తూ కూర్చున్నారు. పైన చెప్పిన అక్రమ గర్వం ఇదే.

తర్వాత బెంగళూరులో జాతీయ పోటీలు. గుర్తింపు పొందిన కోచ్ వెంట లేనిదే జట్టును పంపరని తెలిసి, డానియేలు సారు క్రీడా గురువుల గుర్తింపు విభాగానికి వెళ్లారు. అక్కడి అధికారి బసవయ్య చాలా మంచివాడు. (అక్కడ పని చేయించుకోలేకపోయిన వారంతా ఈ మాటే అంటారు.) ఆయన కుర్చీ చూపించి, చాయ్ తెప్పించి, కంప్యూటర్ తెరిచాడు.

"ఆట పేరేంది సార్?"

"గోల్ఫ్."

బసవయ్య పైనుంచి కిందికి, కింది నుంచి పైకి వెతికాడు. "గోల్ఫ్ అని లేదు సార్ మా యాప్‌ల. ఫికర్ చెయ్యకుండ్రి, దగ్గర్ది చూద్దాం. ఆట ఎట్లుంటది?"

"కర్రతోని కొడితే బంతి పోయి గుంతల పడాలె."

"గుంతల పడాలె..." బసవయ్య మొహం వెలిగింది. "ఉంది సార్! క్యారమ్స్."

"గది బోర్డు మీద ఆడేది గదా అన్నా! మాది మైదానం."

"సైజు సంగతి యాప్ అడుగుతలేదు సార్" అని బసవయ్య ఓపికగా నచ్చజెప్పి, మీట నొక్కేశాడు.

జట్టు అలా క్యారమ్స్ కింద మంజూరైంది. క్యారమ్స్ జట్టుకు క్యారమ్స్ కోచే వెళ్లాలి కాబట్టి, విభాగంలో గుర్తింపు ఉన్న క్యారమ్స్ కోచ్ శ్రవణ్‌కుమార్‌ను నియమించారు. డానియేలు సారును కూడా విభాగం మరిచిపోలేదు. ఆయన సేవలను గౌరవిస్తూ, ఆయనకు 'సామాన్ల సహాయకుడు' హోదా కల్పించింది. పిల్లల కర్రల సంచులు మోయడం విధి. కోచ్ విధుల్లో జోక్యం చేసుకోకపోవడం షరతు.

రాజమణి ఆ కాగితం చదివి పొయ్యి ఆపేసింది. "ఏందయ్యా ఇది? నేర్పింది నువ్వు, పేరు ఆయనదా? పోకు. ఎవరు మోస్తరో మోయనీ."

సాయంత్రం వైకుంఠం కూతురిని వెంటబెట్టుకుని వచ్చాడు. "సార్, ఈ పిల్ల మీరు రాకుంటే పోదంట. పొద్దుగాల సంది అన్నం ముట్టలేదు. ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు."

స్రవ్య తల వంచుకుని నిలబడింది. "క్యారమ్స్ సార్‌కు నేనెట్ల ఆడతనో తెల్వదు సార్."

డానియేలు సారుకు అవమానంగానే ఉంది. లేదనుకుంటే అబద్ధం. కానీ బర్రెల మధ్య నిలబడి ఆడిన పిల్లలు బెంగళూరు పోకుండా ఆగిపోతే తన అవమానం ఎవరికి పనికొస్తుంది? "బ్యాగులు సదురుకో బిడ్డా" అన్నారు చివరికి. "ఎట్లనో గట్ల నేను మోస్తగద."

రాజమణి పొయ్యి మళ్లీ వెలిగించింది.

శ్రవణ్‌కుమార్ చెడ్డవాడు కాదు. రైలెక్కిన దగ్గర్నుంచీ బెంగపడుతూనే ఉన్నాడు. "అన్నా, నాకు గోల్ఫ్ మొత్తానికే తెల్వదు. వద్దంటే వినలేదు వాళ్లు. ఎవరన్న అడిగితే ఏం చెప్పాలె?" అంటూ డానియేలు సారు పక్కనే కూర్చుని గోళ్లు కొరుక్కున్నాడు. డానియేలు సారు తన టిఫిన్ డబ్బాలోంచి సగం పులిహోర పెట్టి ధైర్యం చెప్పారు. (కోచ్ ఆరోగ్యం సామాన్ల కిందికి వస్తుందో రాదో నిబంధనల్లో స్పష్టత లేదు.)

పోటీ రోజు పొద్దున కొత్త ట్రాక్‌సూట్ వేసుకున్న శ్రవణ్‌కుమార్, నాలుగు సంచులు మోసుకొస్తున్న డానియేలు సారు మైదానంలోకి అడుగుపెట్టబోయారు. నిర్వాహకుడు చెయ్యి అడ్డం పెట్టాడు. "కోచ్‌లు తాడు అవతలే ఉండాలి. ఆట నడుస్తుండగా ఆటగాళ్లతో ఒక్క మాట కూడా మాట్లాడకూడదు."

డానియేలు సారు నిట్టూర్చి సంచులు కింద పెట్టి తాను కూడా తాడు అవతలికి నడవబోయారు.

"మీరెక్కడికి?" అన్నాడు నిర్వాహకుడు. "సంచి మోసేవాళ్లు ఆటగాళ్ల పక్కనే నడవాలి. ఏ కర్ర వాడాలి, ఎటు కొట్టాలి, అన్నీ చెప్పొచ్చు. గోల్ఫ్‌లో సలహా ఇచ్చే హక్కు సంచి మోసే మనిషికే ఉంటుంది."

డానియేలు సారు ఆ మాటను ఇంకోసారి చెప్పించుకున్నారు. ఏ దరఖాస్తుకూ లొంగని వ్యవస్థ, ఏ దరఖాస్తూ లేకుండానే ఆయన్ను సరిగ్గా ఉండాల్సిన చోట నిలబెట్టింది. (విభాగం చరిత్రలో ఇలా జరగడం ఇదే మొదలు. ఇది పొరపాటని తర్వాత తేల్చారు.)

జోయెల్‌ను ఎవరూ మెచ్చుకోలేదు కాబట్టి బాగా ఆడాడు. బేబీ, ఆమె వెనక ఆడిన నాలుగోవాడు చింటూ కూడా నిలబడ్డారు. కప్పు తేలాల్సింది చివరి గుంత దగ్గర, చివరగా ఆడుతున్న స్రవ్య చేతిలో. బంతి గుంతకు అయిదారు అడుగుల దూరంలో ఆగింది. నేల కుడివైపుకు వాలి ఉంది. తాడు అవతల శ్రవణ్‌కుమార్ కళ్లు మూసుకున్నాడు.

స్రవ్య భుజాలు బిగుసుకోవడం డానియేలు సారు చూశారు. సంచితో సహా వంగి, నెమ్మదిగా అన్నారు. "గోదాంల కార్పెట్ కింద ముడత ఉంటది చూడు, గట్లనే ఉంది ఇది. జర ఎడమకు కొట్టు."

"తప్పితే సార్?"

"తప్పితే రైల్ల మస్తు నిద్రపోవచ్చు. ముందు ఊపిరి ఇడువు బిడ్డా."

స్రవ్యకు నవ్వొచ్చింది. నవ్వుతో పాటు ఊపిరి బయటికి వచ్చింది. కొట్టింది. బంతి ఎడమకు పోయి, తిరిగి, గుంత అంచున కాసేపు ఆలోచించి లోపల పడింది.

చప్పట్లు కొడదామంటే డానియేలు సారు రెండు భుజాలకూ సంచులున్నాయి. అందుకని ఊరికే నిలబడిపోయారు. పక్కనే ఉన్న స్రవ్య ఆయన చొక్కా అంచు పట్టుకుని గంతులేస్తోంది. శ్రవణ్‌కుమార్ తాడు దాటి వచ్చి ఇద్దరినీ వాటేసుకుని, "గెలిచినమా అన్నా? గెలిచినట్టేనా?" అని అడిగాడు.

ఊరికి తిరిగొచ్చాక జరిగిన సన్మాన సభలో శాలువా శ్రవణ్‌కుమార్‌కు కప్పారు. ఆయన మైకు ముందు చేతులు జోడించాడు. "అయ్యా, నాకు గోల్ఫ్ రాదు. నేర్పింది డానియేలు అన్న. నేను తాడు అవతల కండ్లు మూసుకుని నిలబడ్డ, అంతే." సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. ఇంత వినయం గల కోచ్‌ను తాము చూడలేదని పెద్దలు కొనియాడారు. ఆ వినయానికి ఇంకో శాలువా కప్పారు.

ఆ రెండో శాలువాను శ్రవణ్‌కుమార్ డానియేలు సారు ఇంటికి తెచ్చి ఇవ్వబోతే రాజమణి వద్దంది. పిల్లలు నలుగురూ ఆ సాయంత్రం వాళ్లింట్లోనే అన్నం తిన్నారు. కప్పు మధ్యలో పెట్టుకుని, చివరి బంతి ఎట్లా పడిందో వంతులవారీగా చేసి చూపించారు. డానియేలు సారు చూసిందే మళ్లీ మళ్లీ చూపించమన్నారు.

పదిరోజులకు బసవయ్య ఫోన్ చేశాడు. "సార్, ఖుష్ ఖబర్! సామాన్లు మోసుడే అసలు పనని మా పెద్దసార్లకు సమజైంది. దాని ఇజ్జత్ పెంచిన్రు. ఇంక మీద గుర్తింపు ఉన్న కోచ్‌లే సంచులు మోయాలె. వచ్చే ఏడు శ్రవణ్‌కుమార్ మోస్తడు."

"మరి కోచ్ ఎవరన్నా?"

బసవయ్య గొంతులో నిజమైన బాధ పలికింది. "అదే సార్, ఆ జాగా ఖాళీగుంది. పిల్లలకు గోల్ఫ్ నేర్పినోళ్లు పట్నంల ఒక్కరన్న దొరుకుతలేరు."