గైడుగారి దగ్గర ఖాళీ

మనిషి జీవితంలో తీసుకునే నిర్ణయాలన్నిటిలోకీ తత్వశాస్త్రంలో డాక్టరేట్ కోసం విశ్వవిద్యాలయాన్ని ఎంచుకోవడమే అత్యంత గంభీరమైనదని ఉన్నత జ్ఞాన క్రమబద్ధీకరణ మండలి తీర్మానించింది. (పెళ్ళి రెండో స్థానంలో ఉంది. దానికి గైడు అక్కర్లేదు కాబట్టి మార్కులు తగ్గాయట.) ఆ గాంభీర్యానికి భంగం కలగకుండా మండలి ఒక భవనాన్ని కట్టించి, ఒక యాప్‌ను తయారుచేయించి, ఖాళీల పర్యవేక్షణాధికారి అనే ఉద్యోగిని నియమించింది.

ఇంత ఏర్పాటు ఉందని తెలియక మా మరదలు డాక్టరేట్ చేస్తానంది. తను కాలేజీలో తర్కశాస్త్రం చెబుతుంది, ఇంటికొచ్చి మా అందరి మీదా సాధన చేస్తుంది. తనకు ఉన్నది ఒకే ఒక్క ప్రశ్న. మా అత్తగారు ఆస్పత్రిలో ఉండగా "రిపోర్టు ఏమొచ్చిందే?" అని అడిగితే, "అంతా బాగుందమ్మా" అని చెప్పింది. అత్తగారు నమ్మేశారు. ఇంటికెళ్ళగానే కిటికీలకు ఏ రంగు తెరలు కుట్టించాలో మాట్లాడుతూ మాట్లాడుతూనే ఆస్పత్రి మంచం మీదే కన్నుమూశారు. పోయేముందు మనిషికి అబద్ధం చెప్పడం తప్పా, కాదా? అది తేలక మరదలికి కంటిమీద కునుకు లేదు. మేమంతా ఓదార్చి చూశాం.

"బావా, నాకు ఓదార్పు వద్దు. సమాధానం కావాలి" అంది.

మామూలుగా తనను ఆటపట్టించే పని నాది. ఆ రోజు మాత్రం ఫోను తీసి మండలివారి యాప్ దించుకున్నాను.

ముందు యాప్‌ను అడిగాం. మొదటి ర్యాంకు విశ్వవిద్యాలయం మీద తత్వశాస్త్ర విద్యార్థుల నుంచి ఇంతవరకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదు. (అక్కడ తత్వశాస్త్ర విద్యార్థులు లేరు.) రెండోదానిలో ఆ శాఖను ఈతకొలను నిర్వహణ విభాగంలో కలిపేశారు. మూడోది చాలా ఉదారమైనది, పరిశోధన ఫలితాన్ని ముందుగా సమర్పించినవారికి పరిశోధన చేసుకోవడానికి వెంటనే అనుమతి ఇచ్చేస్తుంది.

ఇక లాభం లేదని పర్యవేక్షణాధికారి దగ్గరికి వెళ్ళాం. మంచి మనిషి. ఆయన బల్ల మీద ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

"విశ్వవిద్యాలయాన్ని చూసి చేరకండమ్మా, గైడును చూసి చేరండి," అన్నాడు. "ఒక్కో గైడు దగ్గర ఎనిమిది మందే ఉండాలి. ఒకళ్ళు బయటికొస్తేనే ఇంకొకళ్ళు లోపలికి."

"బయటికి ఎప్పుడొస్తారండీ?"

"పట్టా వస్తే వస్తారు. ప్రాణం పోయినా పంపించేస్తాం. చెప్పకుండా మాయమైపోయినా ఇబ్బంది లేదు. కాకపోతే తాను కనబడటం లేదని ఆ మనిషే స్వయంగా వచ్చి సంతకం పెట్టాలి."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అది నిబంధన.

అందుచేత అనుభవజ్ఞులు విశ్వవిద్యాలయం పేరు చూడరు, గ్రంథాలయం చూడరు. ఏ గైడు దగ్గర ఎవరి సిద్ధాంత గ్రంథం ముగింపుకొచ్చిందో చూసి, ఆ మనిషి వెనకాల చేరతారు. విభాగం వరండా నిండా వాళ్ళే. ఒకాయన ఫ్లాస్కులో కాఫీ, మెడనొప్పికి దిండు పట్టుకుని కూర్చున్నాడు. ఒకావిడ తన ముందున్న పరిశోధకుడి పిల్లల హోంవర్కు చేసిపెడుతోంది. "మావాడు ఆఖరి అధ్యాయంలో ఉన్నాడండీ" అని ఇంకొకాయన నాతో గొప్పలు పోయాడు.

మరదలి వంతుకు వచ్చిన మనిషిని అందరూ సీనియర్ అంటారు. ఆయన గైడుగారి కంటే ముందే ఆ విభాగంలో చేరాడు, గైడుగారే ఆయన్ని "అన్నగారూ" అని పిలుస్తారు. పరిశోధనాంశం సత్యం.

"శీర్షిక బాగా కుదిరిందమ్మా," అన్నాడు సీనియర్. "ఇక లోపలి సంగతే మిగిలింది."

మరదలు మొదట అచ్చుతప్పులు దిద్దిపెట్టింది. తర్వాత ఒక పేరా రాసిచ్చింది. పేరా కాస్తా అధ్యాయమైంది.

"అది నీ పని కాదు కదా!" అన్నాను, ఉండబట్టలేక.

"ఆయన పూర్తిచేస్తేనే కదా బావా నాకు సీటు."

తర్కశాస్త్రం చెప్పే మనిషితో ఎవరు వాదిస్తారు? సత్యం గురించి రాయమంటే తనకు తెలిసింది ఒక్కటే. ఆస్పత్రి గది, రిపోర్టు, కిటికీ తెరలు, అన్నీ ఆ గ్రంథంలోకి వెళ్ళిపోయాయి. ఆఖరి అధ్యాయం ముగించిన రోజు వంటింటి బల్ల మీద తల వాల్చి వెక్కివెక్కి ఏడ్చింది. మా ఆవిడ పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. నేను టీ పెట్టి చక్కెర వెయ్యడం మర్చిపోయాను, ఎవరూ గమనించలేదు.

సీనియర్‌కు పట్టా వచ్చింది. సొంత అనుభవం లేనిదే ఇలా రాయలేరని పరీక్షకులు కళ్ళు తుడుచుకున్నారు. (సీనియర్‌గారి తల్లి కులాసాగా ఉన్నారు. సభకు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.) అంతలో పాత గైడుగారు పదవీ విరమణ చేయడంతో సీనియరే గైడయ్యాడు. ఖాళీ వచ్చింది. మరదలు ఇంటర్వ్యూకు వెళ్తే నేను తోడు వెళ్ళి తలుపు పక్కన కూర్చున్నాను.

"మీ సాయం ఈ జన్మకు మర్చిపోనమ్మా," అన్నాడు కొత్త గైడు. "కానీ మీరు అడిగే ప్రశ్న మీద మన విభాగంలో పరిశోధన పూర్తయిపోయింది. తేలిపోయిన ప్రశ్నను మళ్ళీ అడగడానికి వీల్లేదు."

"ఏం తేలిందండీ?"

"అది ఆఖరి అధ్యాయంలో ఉంటుంది. నేనింకా అక్కడిదాకా రాలేదు."

నాకు ఒళ్ళు మండిపోయింది. లేచి, "పద, పోదాం" అన్నాను. మరదలు కదల్లేదు.

"ఆ పుస్తకం ఒకసారి చూడొచ్చాండీ?" అని అడిగింది.

"అది విభాగం బీరువాలో ఉందమ్మా, చేరినవాళ్ళకే ఇస్తారు. చేరండి మరి, ఖాళీ ఎందుకు వృథా కావాలి? విషయం నేను చూసిపెడతాను."

మరదలు నకలు కూడా ఉంచుకోలేదు. తన తల్లి ఆఖరి మాటలు ఆ బీరువాలో ఉన్నాయి. తను నావైపు చూడకుండా సంతకం పెట్టింది.

అలా మా మరదలికి సీటు వచ్చింది. పరిశోధనాంశం 'మా గైడుగారి సత్యచింతన: ఒక పరిశీలన'. అందులో సొంత అభిప్రాయాలు కలపవద్దని గైడుగారు మొదటిరోజే గట్టిగా చెప్పారు.