అయిదింటికి అన్నీ మరిచిపోయే పెట్టె

నల్ల తెర మనిషికి మేలు చేస్తుంది! బొత్తాలూ బొమ్మలూ ఉన్న తెరలే ఈ దేశాన్ని పాడు చేశాయని నా గట్టి నమ్మకం.

నవ్వకండి. ఆధారం ఉంది.

చోడవరం దగ్గర ఒక ఎరువుల డిపో. పేరెందుకు లెండి. అక్కడ యూరియా బస్తా కావాలంటే వేలిముద్ర పడాలి. వేలిముద్ర పడాలంటే నెట్ ఉండాలి. నెట్ ఉండాలంటే గోడకి వేలాడే రౌటర్ అనే పెట్టె ఒప్పుకోవాలి. నాకున్నది ఎకరం ముప్పావు వరి. పిలకలు వేసే వేళ, చేను పచ్చ తగ్గుతోంది. బస్తాలు మాత్రం డిపో కిటికీలోంచి నిండుగా కనిపిస్తున్నాయి. చూడ్డానికి వేలిముద్ర అడగలేదు. ఎంత ఉదారత!

పెట్టె ఒప్పుకోకపోతే అనకాపల్లి నుంచి సూర్యతేజ అనే టెక్నీషియన్ వస్తాడు. నీలం కేబుల్ ఒక కొస పెట్టెకీ, రెండో కొస లాప్‌టాప్‌కీ గుచ్చుతాడు. తెర నల్లబడుతుంది. జేబులోంచి చీటీ తీసి, అందులోని ఇంగ్లీషు ముక్కలు లైను తరవాత లైను కొడతాడు.

నేను చదివింది ఊరి బడిలో ఎనిమిది. అయినా చెబుతున్నాను, ఇంత మర్యాద గల యంత్రాన్ని చూడలేదు. సరిగ్గా కొడితే మాట్లాడదు. తప్పు కొడితే ఒక్క లైనులో తప్పని చెప్పి ఊరుకుంటుంది. మా చుట్టాల్లో ఇలాంటివారు ఒక్కరైనా ఉన్నారా?

ఇంకో గొప్ప వినండి. ఏ ఆజ్ఞ ముందైనా ‘నో’ పెడితే చాలు, అది రద్దు! కుదిరిపోయిన పెళ్లి సంబంధాలకీ, వేసేసిన ఓట్లకీ ఈ సదుపాయం ఉంటే ఎంత బాగుండును! నెట్ లైను తెరవాలన్నా ‘తెరు’ అనరట. ‘నో షట్‌డౌన్’ అనాలట. అంటే, మూసెయ్యకు అని! మన ఆఫీసుల్ని బాగా ఎరిగినవాడెవడో రాసి ఉంటాడు. మూసి లేకపోవడానికి మించి అవి ఎప్పుడు తెరిచి ఉన్నాయి గనక?

సోమవారం నాలుగింటికి పచ్చ లైటు వెలిగింది. పన్నెండు మంది వేళ్లు పడ్డాయి. అయిదు కొట్టింది, డిపో మూత. మంగళవారం పొద్దున్నకి పెట్టె అన్నీ మరిచిపోయింది. సూర్యతేజ మళ్లీ వచ్చాడు, మళ్లీ కొట్టాడు. బుధవారమూ అంతే. వరసలో మా గుర్తుగా వదిలి వెళ్లిన చెప్పుల్ని ఆయా అచ్చియ్యమ్మ తుడిచేటప్పుడు మూలకి కుప్ప పోస్తుంది గనక, వరస కూడా రోజూ కొత్తదే.

పెట్టె మరపుకి కారణం ఆమేనని నా పక్క చేను పరదేశి కనిపెట్టాడు.

“సాయంత్రం కరెంటు మెయినెందుకు కట్టేస్తన్నావే అప్పా?”

“పన్లో సేరిన్నాడే సెప్పేరు, కట్టీసి ఎల్లమని. ఉరుమొచ్చి కాలిపోతే నువ్వొచ్చి జవాబు సెప్తావేటి?”

ఆమె తప్పు ఏముంది?

చీటీలో చివరి లైను కొట్టకుండానే సూర్యతేజ దాన్ని మడిచి జేబులో పెట్టుకోవడం మూడు రోజులుగా చూస్తున్నాను. గురువారం నోరు విప్పాను.

“ఆ అడుగు లైను కొట్టవేటి బాబూ?”

“అది కొడితే ఇదంతా పెట్టెలో ఉండిపోతాది మావయ్యా. మెయిన్ కట్టేసినా పోదు.”

“మరి కొట్టు.”

“నాను కొట్టకూడదు. పై ఆఫీసు పర్మిషన్ రావాల.”

“ఎలగొస్తాది?” అన్నాడు పరదేశి.

“డిపో మెయిల్లో. రోజూ సాయంత్రం ఆరింటికి పంపుతన్నారు. ఆ రోజుకే సెల్లుతాది.”

పరదేశి అచ్చియ్యమ్మ వైపు చూశాడు. అచ్చియ్యమ్మ గడియారం వైపు చూసింది. అయిదుకి పది నిమిషాలు తక్కువ.

శుక్రవారం నా వేలు పడింది. బస్తా సైకిల్ మీద వేసుకుని చేనుకి వెళ్లాను. గట్టు వార నుంచి నడి మడి దాకా పసుపు.

పెట్టెకి సోమవారం గుర్తులేదు, మంగళవారం గుర్తులేదు. చేనుకి అన్నీ గుర్తున్నాయి. ఎవరి పర్మిషనూ అడగకుండా, ఏ లైనూ కొట్టించుకోకుండా అయిదు రోజుల్నీ సేవ్ చేసేసుకుంది.

దాని ముందు ‘నో’ ఎక్కడ పెట్టాలో సూర్యతేజ చీటీలో లేదు.