నలభై ఏడు, నాన్న కాక

ఆ రోజు ఉదయం గదుల అధికారి వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి బయలుదేరి నాలుగింటిలోగా విశ్వవిద్యాలయంలోని పన్నెండు తరగతి గదులూ తిరగాలి. ఏ గదిలో కుర్చీలు సగమైనా నిండవో ఆ గదిని ఆ శాఖ వదులుకోవాలి. ఒక్క గది దొరికితే చాలు, వరండాలో పట్టా కప్పుకుని పడి ఉన్న నలభై బల్లలకు ఒక గూడు దొరుకుతుంది. దూరం నుంచి బస్సుల్లో వచ్చి, క్లాసుకీ క్లాసుకీ మధ్య మెట్ల మీద కూర్చుని చదువుకునే పిల్లలకు అది చదువుల గది అవుతుంది. సాయంత్రంలోగా దొరక్కపోతే మాత్రం బల్లలు మర్నాడే లారీ ఎక్కి అవతలి ప్రాంగణానికి పోతాయి.

ఆయన కూడా ఆ మెట్ల మీద చదివి పట్టా పుచ్చుకున్నవాడే. వాళ్ళ వంశంలో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి. తండ్రి తాపీమేస్త్రీ. ఎన్నో బడులకు గోడలు కట్టాడు గానీ ఒక్క బడిలోనూ కూర్చున్నవాడు కాదు. కొడుక్కి ఉద్యోగం వచ్చి, దాంతో పాటు తలుపు మీద పేరున్న గది కూడా వచ్చిందని విన్నప్పటి నుంచీ దాన్ని కళ్ళారా చూడాలని ఆయన కోరిక.

పథకంలో ఒక్కటే పొరపాటు ఉంది. అది మర్యాద వల్ల వచ్చింది. చెప్పాపెట్టకుండా వెళ్ళి పెద్దమనుషుల గదుల్లో తలలు లెక్కపెట్టడం బాగుండదని, ఏ గదికి ఎన్ని గంటలకు వస్తాడో నిమిషాలతో సహా రాసి వారం ముందే అన్ని శాఖలకూ పంపాడు. కింద ఎర్ర సిరాతో ఒక నియమం కూడా పెట్టాడు: "ఆ సమయానికి కుర్చీల్లో కనిపించిన తలలే లెక్క. సంజాయిషీలు వినబడవు."

తత్వశాస్త్రంలో చేరిన విద్యార్థులు ఆరుగురు. ఆ ఉదయం అరవై కుర్చీల్లో యాభై ఇద్దరున్నారు.

"ఏం చెప్పమంటారు సార్!" అంది శాఖాధిపతి మేడమ్. "ఈ మధ్య పిల్లలకి జీవితం మీద మరీ ఆసక్తి పెరిగిపోయింది."

ఆయన సంతోషంగా రాసుకుని గణాంకశాస్త్రానికి వెళ్ళాడు. అక్కడ నలభై తొమ్మిది మంది. వెనక వరుసలో ఒకడు ఇంకా రొప్పుతున్నాడు. ముందు బల్ల మీదున్న ఎర్ర చున్నీ అమ్మాయిని ఎక్కడో చూసినట్టే ఉంది.

"అమ్మా, ఇందాక నువ్వు తత్వశాస్త్రంలో..."

"రెండూ ఇష్టం సార్."

మూడోది భూగర్భశాస్త్రం. ఒకటి, రెండు, మూడు అని లెక్కపెడుతూ రెండో వరుసకు వచ్చేసరికి ఆయన వేలు గాలిలోనే ఆగిపోయింది. ఇద్దరమ్మాయిల మధ్య, భుజాన తువ్వాలుతో, నిటారుగా, నాన్న!

"నాన్నా! నువ్విక్కడేంటి?"

"నీ గది చూద్దామనొచ్చాన్రా. మెట్ల దగ్గర ఒకాయన ఆపి, 'పెద్దాయనా, పది నిమిషాలు కుర్చీలో కూర్చుంటారా' అన్నాడు. కుర్చీ వేసి కూర్చోమంటే వద్దంటానా?" ఆయన గొంతు తగ్గించాడు. తగ్గించినా గదంతా వినబడింది. "రాళ్ళ గురించి చెప్తున్నాడు. పాపం, పుస్తకంలో చూసి చెప్తున్నట్టున్నాడు. ఆ రాయికి ఉలి అలా దిగదు."

పంతులు దగ్గాడు. తండ్రి పక్కనున్న అమ్మాయి వైపు తిరిగి, "లెక్క రాస్తున్నాడే, మావాడే" అన్నాడు.

గదుల అధికారి ఇరకాటంలో పడ్డాడు. నాన్నను కలిపితే అబద్ధం. వదిలేస్తే కళ్ళెదుట ఉన్న తలను దాచినట్టు. చివరికి నిజమే రాశాడు: "నలభై ఏడు, నాన్న కాక."

అక్కడి నుంచి వ్యవహారం చెయ్యి దాటింది. పెద్దాయన కూర్చుంటే గదికి నిండుతనం వస్తోందని శాఖలవాళ్ళు పసిగట్టారు. కొడుకు ఒక గుమ్మంలోంచి బయటికి రాగానే తండ్రిని ఇంకో గుమ్మంలోంచి పరుగున తీసుకెళ్ళారు. న్యాయశాస్త్రంలో ఆయనే, ఖగోళశాస్త్రంలో ఆయనే.

"ప్రహరీ గోడ గొడవట్రా. అడుగున్నర తేడాకి ఇరవై ఏళ్ళు కోర్టుకి తిరిగారట. నన్ను పిలిస్తే దారం పట్టి ఒక్క పూటలో తేల్చేవాణ్ణి."

"నాన్నా, ఇంక చాలు. బయట కూర్చో."

"ఉండరా. ఇక్కడ చుక్కల గురించి చెప్తున్నారు. కప్పు లేకపోతే అవే కనబడతాయి కదా, దీనికి గదెందుకో!"

మధ్యాహ్నానికి విద్యార్థులు చాల్లేదు. క్యాంటీన్ మూసి వంటవాళ్ళను చరిత్రలో కూర్చోబెట్టారు. తోటమాలిని వృక్షశాస్త్రం వాళ్ళు ఎగరేసుకుపోయారు. రసాయనశాస్త్రంలో ఫ్యాన్లు ఆగిపోతే బాగుచేయడానికి ఎలక్ట్రీషియన్ లేడు. అతను అప్పటికి అర్థశాస్త్రంలో ఉన్నాడు. రిజిస్ట్రారు గారు బెల్లు కొట్టీ కొట్టీ, ఎవరూ పలకక, తన టైపిస్టును వెతుక్కుంటూ స్వయంగా కిందికి దిగారు. పన్నెండో గదిలో, చివరి వరుసలో, టైపిస్టు పక్కనే రిజిస్ట్రారు గారు కూడా కనబడేసరికి గదుల అధికారి చేతిలో కలం జారిపోయింది.

"నన్నెందుకు చూస్తావయ్యా? తనిఖీకొచ్చాను" అన్నారాయన బిగుసుకుపోయి. "ఎవరో కొత్త లెక్చరర్ భుజం పట్టుకుని కూర్చోబెట్టేశాడు."

సాయంత్రం రిజిస్ట్రారు గారి గదిలో శాఖాధిపతులంతా చేరారు. లెక్క ప్రకారం విశ్వవిద్యాలయంలో ఉండాల్సిన వాళ్ళకంటే రెట్టింపు మంది చదువుకుంటున్నారు. ఒక్క గదీ ఖాళీ లేదు.

"అయితే బల్లలు రేపు లారీ ఎక్కాల్సిందే" అని రిజిస్ట్రారు గారు పుస్తకం తిరగేస్తూ ఆగారు. "ఈ నాన్న ఎవరయ్యా? ఏడు శాఖల్లో ఉన్నాడు. మనకింత చదువరి ఉన్నట్టు నాకు చెప్పలేదే!"

గదుల అధికారి తల దించుకుని వరండాలోకి వెళ్ళి తండ్రిని పిలుచుకొచ్చాడు. శాఖాధిపతులు ఎవరి గోళ్ళు వాళ్ళు చూసుకోసాగారు.

"మేస్త్రీ గారూ, అన్ని గదులూ తిరిగారు కదా. మీ కంటికి ఎక్కడైనా ఖాళీ కనబడిందా?"

"ఒకటుంది సారూ" అన్నాడాయన వెంటనే. "మెట్ల పక్కన. ముప్ఫై అడుగులకి ఇరవై ఉంటుంది. తూర్పున రెండు కిటికీలు. వెలుతురు చక్కగా పడుతుంది, నలభై బల్లలు హాయిగా పడతాయి. పొద్దుట్నుంచి ఆ దారినే తిప్పారు గదా నన్ను, ఒక్కసారీ తాళం తియ్యలేదు. తలుపు మీద పేరు మాత్రం ఇంతుంది. ఎవడో గానీ, కూర్చునే తీరికలేనివాడికి అంత గదెందుకు సారూ?"

శాఖాధిపతులంతా గోళ్ళు వదిలి గదుల అధికారి వైపు తిరిగారు. ముందుగా తేరుకున్నది తత్వశాస్త్రం మేడమ్. "సంజాయిషీలు వినబడవు అని రాశారు కదండీ" అంది ఎటో చూస్తూ.

గదుల అధికారి తండ్రి ముఖం చూశాడు. జీవితంలో మొదటిసారి చదువుకున్నవాళ్ళంతా తన మాట కోసం ఆగారని ఆ ముఖం వెలిగిపోతోంది. నేను బయట లెక్కపెడుతుంటే లోపలెలా ఉంటానని కొడుకు అడగొచ్చు. అడగలేదు. కలం తీసుకుని, పదమూడో గది, తలలు సున్నా అని రాసి సంతకం పెట్టాడు.

రిజిస్ట్రారు గారు ఆ సంతకాన్ని చాలాసేపు చూశారు. "ఇందాకటి నుంచీ మీ వాడని చెబుతున్నారట" అన్నారు మేస్త్రీతో. "చెప్పుకోవలసిందేనండీ."

బయటికొచ్చాక తండ్రి అడిగాడు. "ఎవరిదిరా ఆ గది?"

"యూనివర్సిటీది, నాన్నా."

"మరి నీది?"

"రేపు చూపిస్తాను."

మర్నాడు పదకొండింటికి తీసుకెళ్ళి చూపించాడు. నలభై బల్లలు, నలభై వంచిన తలలు. తలుపు మీద ఊడదీసిన పలక తాలూకు మరలు రెండు ఇంకా అలాగే ఉన్నాయి. మేస్త్రీ వాటిని వేలితో తడిమాడు. కిటికీలు చూశాడు, మెట్లు చూశాడు, కొడుకును చూశాడు.

"గది బాగుందిరా. మరి నువ్వెక్కడ కూర్చుంటావు?"

"నాది కూర్చునే ఉద్యోగం కాదు నాన్నా" అన్నాడు కొడుకు, ఛాతీ విరుచుకుని.

మధ్యాహ్నానికి ఆ మాట ఉత్తర్వుగా వచ్చింది: ఇకపై ఆయన హోదా 'సంచార గదుల అధికారి'.