పాలలో పడ్డ యాంటీబాడీ

ఆ ఉదయం అజార్ లెక్క ఇది. తొమ్మిదింటికి యాంటీబాడీ కలపాలి, నాలుగింటికి ఫిల్మ్ తీయాలి, ఐదింటికి రాజధాని నుంచి వచ్చే తనిఖీ అధికారికి చూపించాలి. కణానికి పెరగమని కబురు మోసే ప్రోటీన్‌ను ఆ యాంటీబాడీ పట్టుకుని, ఫిల్మ్ మీద గీతగా చూపుతుంది. అల్మాటిలోని ఆ ల్యాబ్‌లో ఆరు నెలలుగా ఫిల్మ్ మీద నలుపు తప్ప ఏమీ రాలేదు. ఈ రోజూ రాకపోతే ఆమె పరిశోధన ఆపేస్తారు.

సీసాలో మిగిలిన యాంటీబాడీని బీకరులోని పాలలో కలిపింది. అక్కర్లేని చోట అంటుకోకుండా పాలు అడ్డుపడతాయని అక్కడి పద్ధతి. బీకరు ఫ్రిజ్‌లో పెట్టి పక్క గదికి వెళ్లింది.

అధికారి ఒరిన్‌బాసర్ పదింటికే వచ్చాడు. టీ చేసే కుల్పాష్ దగ్గర పాలు అయిపోయాయి. అతిథికి పాలు లేని టీ ఇవ్వడం ఆమె వల్ల కాదు. ల్యాబ్ ఫ్రిజ్ తెరిచింది.

అజార్ వచ్చేసరికి ఆయన రెండో గిన్నె టీ తాగుతున్నాడు.

"ఆపా, ఆ పాలెక్కడివి?" అని పెద్దావిడను అడిగింది.

"మీ ఫ్రిజ్‌లోవే తల్లీ. మరీ పలచగా ఉన్నాయి. నీళ్లేమైనా కలిపావా?"

బీకరులో ఇంకా సగం ఉంది. అజార్ కెటిల్ లాక్కుని, పాలకు చోటు లేకుండా మూడో గిన్నెను అంచుదాకా టీతో నింపింది.

అక్కడ గిన్నె నిండా టీ పోస్తే అతిథిని ఇక వెళ్లమన్నట్టు. ఒరిన్‌బాసర్ గిన్నె చూసి టోపీ అందుకున్నాడు. "నిండా పోశావు. లేవమనేగా? లేస్తున్నా."

"కూర్చోండి ఆగా, పిల్లకి మర్యాద తెలీదు!" ల్యాబ్ డైరెక్టర్ సాపర్‌బెక్ పెద్దాయనను బతిమాలి, ఆ టీ పారబోసి, బీకరులోని పాలన్నీ గిన్నెలో వంపి, పైన రెండు చెంచాల టీ పోశాడు. "ఇక పాలన్నీ మీకే."

అతిథి శాంతించి గటగటా తాగేశాడు.

"అందులో యాంటీబాడీ ఉంది," అంది అజార్. "కుందేలు రక్తంలోంచి తీసింది. కణం పెరగాలన్న కబురును పట్టుకుంటుంది."

"ఎవరి కణం?"

"దిగుమతి సరుకు ఆగా," అన్నాడు డైరెక్టర్. "నాలుగు నెలలు పట్టింది రావడానికి."

ఒరిన్‌బాసర్ ఆలోచించాడు. "మోకాలి నొప్పికి పనిచేస్తుందా?"

"చేయదు. మీకేం కాదు. పోయేది నా పరిశోధనే."

"అయితే సాయంత్రం దాకా ఉంటాను. నేను తాగింది ఏం చేసేదో చూడాలిగా."

అజార్ ఖాళీ సీసాను కడిగితే రెండు చుక్కలు వచ్చాయి. పాలు లేవు. పాలకు బదులు చేతికందిన ఆల్బుమిన్ అనే ప్రోటీన్ ద్రావణంలో వాటిని కలిపింది.

నాలుగింటికి ఫిల్మ్ మీద ఒక్క గీత వచ్చింది. చుట్టూ మచ్చ లేదు. ఆమె వెతికే ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ గుర్తు ఉంటుంది, యాంటీబాడీ పట్టేది దాన్నే. పాల ప్రోటీన్ మీదా అదే గుర్తు, ఆల్బుమిన్ మీద లేదు. ఆరు నెలలుగా యాంటీబాడీ పట్టుకున్నది పాలనే.

"అంటే ఆరు నెలలూ పాలు దండగేనన్నమాట," అంది కుల్పాష్.

ఒరిన్‌బాసర్ ఫిల్మ్‌ను వెలుతురుకు పట్టి చూశాడు. పరిశోధన కొనసాగించవచ్చని సంతకం పెట్టాడు.

మరుసటి ఏడాది అచ్చయిన వ్యాసంలో, పాలు వాడలేదని ఒక వాక్యం ఉంది. ఆ పాలు ఎవరు తాగారో రాయలేదు.