ముగ్గులో జాడీ

మృగశిర కార్తె రాకముందే ఇల్లు కప్పించేసుకుంటే వానాకాలమంతా నిశ్చింత అని నరసింహమూర్తి ఆ ఆదివారం పొద్దున్నే పథకం వేశాడు. పథకం మంచిదే. మధ్యాహ్నానికి పెంకులు సర్దడం పూర్తవుతుంది. హైమావతి కొత్తావకాయ జాడీ విప్పుతుంది. వేడన్నం, ముద్దపప్పు, ఆపైన ఒక కునుకు. కాకినాడ నుంచి ఉద్యోగం కోసం ఈ పటేల్‌గూడకు వచ్చిపడ్డాక అతనికి మిగిలిన సుఖాలు అవే.

అతను పక్కనున్న పెద్ద ఫ్యాక్టరీలో ప్రమాదాల విభాగంలో గుమాస్తా. అక్కడ ఏది విరిగినా, పై అధికారి వచ్చి చూసేదాకా ఎవరూ ముట్టుకోకుండా కాపలా కాయడం అతని పని. ఒకసారి విరిగిన గొలుసునెవరో పుణ్యాత్ముడు విచారణకు ముందే అతికించేస్తే, మెమో అందుకున్నది నరసింహమూర్తి. అప్పట్నుంచి బాగుచేసే మనిషిని చూస్తేనే అతనికి అనుమానం.

కప్పు పని గుత్తకు తీసుకున్న పెద్దరాములు కూలీలతో వచ్చి సగం పెంకులు విప్పేశాడు. అంతలో అతని కాలు జారింది. ఒక గూనపెంకు కిందికి దూకి, నట్టింటి మూలనున్న ఆవకాయ జాడీ మీద పడింది. మూత రెండు ముక్కలై పక్కకు దొర్లింది. జాడీ మూతికి కట్టిన వాసెన గుడ్డ మాత్రం చెక్కుచెదరలేదు. పుట్టింటి తోట కాయలతో పెట్టిన ఏడాది ఆవకాయ అది. హైమావతి పరుగెత్తుకొచ్చి, గుడ్డ చూసి ఊపిరి పీల్చుకుంది.

"తప్పైంది సార్. రేపు పటాన్‌చెరు అంగట్ల కొత్త మూత తెస్త. ఇగ కప్పుడు ఒక్క గంటల అయిపోతది," అన్నాడు పెద్దరాములు పైనుంచి.

"దిగు," అన్నాడు నరసింహమూర్తి. "అందరూ దిగండి. ఇంటి యజమాని సోమయ్య పటేలు వచ్చి చూసేదాకా ఎవరూ ఏదీ ముట్టుకోవడానికి వీల్లేదు."

"పటేలు బొంతపల్లి వీరభద్రుని కాడికి వోయిండు సార్. పొద్దుగూకినంక వస్తడు."

"రానీ."

"పగిలింది మూతేగా అండీ. జాడీ వంటింట్లో పెట్టేస్తాను," అంది హైమావతి.

"నీకు తెలీదు. జాడీ జరిపామంటే, మూత ముందే పగిలుందంటాడు రాములు."

"గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెస్తున్నారు."

అతను వినిపించుకోలేదు. ముగ్గు డబ్బా తెచ్చి జాడీ చుట్టూ, మూత ముక్కల చుట్టూ గీత గీశాడు. పుట్టాక ముగ్గుపిండి ముట్టడం అదే మొదలేమో, వంకరటింకరగా వచ్చింది. తన పనితనం చూసుకుని తృప్తిపడ్డాడు.

ఆకాశం నల్లబడింది. నరసింహమూర్తి క్యాలెండరు చూశాడు. "మృగశిర ఎల్లుండి కదా!" అన్నాడు, తప్పు వానదేనన్నట్టు.

సరిగ్గా అప్పుడే పక్కింటి బక్కమ్మ మజ్జిగ కోసం వచ్చింది. విప్పేసిన కప్పు, నట్టింట్లో వంకర ముగ్గు, మధ్యలో ఎర్రమరకల జాడీ, దూరంగా నిలబడ్డ కూలీలు. ఆమె గడప దగ్గరే ఆగిపోయింది.

"ఏందమ్మా గిది? ఎవరేసిన్రు?"

"ఆయనే. ఎవర్నీ ముట్టుకోవద్దంటున్నారు," అంది హైమావతి విసుగ్గా.

బక్కమ్మకు ఆ మాత్రం చాలు. ఫ్యాక్టరీ సార్ ముగ్గేసి మంత్రం కట్టాడన్న సంగతి చినుకు కంటే ముందు ఊరంతా చేరింది. జనం వాకిట్లో మూగారు. ఆ తర్వాత మొదటి చినుకు పడింది.

"రాములూ, ఎక్కండి! జల్దీ కప్పెయ్యండి!" అని కేకపెట్టాడు నరసింహమూర్తి.

కూలీలు ఒకడుగు వెనక్కి వేశారు. "మావోళ్లు భయపడుతున్రు సార్. మంత్రం మీదికెల్లి ఎట్ల ఎక్కుతరు?" అన్నాడు పెద్దరాములు.

"మంత్రం కాదయ్యా, ఉత్త ముగ్గు! నేనే గీశాను!"

"గదే సార్ భయం."

వాన దంచికొట్టింది. హైమావతి జాడీ వైపు దూకబోతే బక్కమ్మ నడుం పట్టి లాగేసింది. "సంసారం గలదానివి, ముట్టకమ్మా!" నరసింహమూర్తి గొడుగు తెరిచి పరుగెత్తాడు. అలవాటు ఎక్కడికి పోతుంది? గొడుగు తీసుకెళ్లి మూత ముక్కల మీద పట్టాడు.

ఆవకాయలో తడి గరిటె పెడితేనే ఇల్లు పీకి పందిరేసే మనిషి హైమావతి. ఆమె కళ్లముందే వాసెన గుడ్డ కుంగింది, జాడీ నిండింది, ఎర్రటి నూనె ముగ్గు దాటి పారింది. ఆమె కూలబడి ఏడ్చింది.

పొద్దుగూకాక పటేలు వచ్చాడు. అంతా చూశాడు.

"మూత ఎవరు వలగ్గొట్టిన్రు?"

"నేనే పటేలా," అన్నాడు పెద్దరాములు.

"రేపు తెచ్చియ్యి. మరి ఆవకాయ ఎవరు ఖరాబ్ చేసిన్రు?"

హైమావతి వేలు మొగుడి వైపు లేచింది. ఆ వెంటనే వాకిట్లో వేళ్లన్నీ లేచాయి.

"సాక్ష్యం మంచిగ కాపాడిన్రు సార్," అన్నాడు పటేలు. "అన్నీ యాడియి ఆడ్నే ఉన్నయ్."

మర్నాడు పెద్దరాములు కప్పు పూర్తిచేసి, కొత్త మూత ఇచ్చాడు. అతని భార్య సంగమ్మ కుండెడు మామిడికాయ తొక్కు తెచ్చి, "రంది వెట్టుకోకమ్మా, ఈ యేడు మాది తినుర్రి," అంది. హైమావతి రుచి చూసింది. అన్నంలో కలుపుకుని మళ్లీ చూసింది. నరసింహమూర్తి కంచం ముందుకు లాక్కుని కుండ వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకోకండి," అంది హైమావతి. "పటేలు వచ్చి చూడాలి."

పటేలు ఆ పొద్దున్నే హత్నూరలో చుట్టాలింటికి వెళ్లాడు, ఎప్పుడొస్తాడో చెప్పలేదు.