కిటికీ పక్క బల్ల

ఆ రోజు పొద్దున్నే పీతలాయన పెట్టుకున్న పని ఒక్కటే: తన హోటల్లో కిటికీ పక్క బల్లను మధ్యాహ్నం దాకా ఎవరికీ ఇవ్వకుండా ఉంచడం. సముద్రపు ఒడ్డు వీధిలో వరసగా ఎనిమిది హోటళ్లు. ఒకరు చేపలు నిప్పులమీద కాలుస్తారు, ఒకరు రొయ్యలతో నూడుల్స్ చేస్తారు, ఇంకొకరు పడవలోనే పొయ్యి పెట్టి వడ్డిస్తారు. పీతల కూరకు మాత్రం ఈయన దగ్గరికే రావాలి.

ఆ కూర నేర్పింది వాళ్లక్క. ఆరేళ్ల క్రితం ఆవిడ నలుగురి ముందూ "ఉప్పు చాల్లేదురా" అంది. "నా వంటలో వేలు పెట్టకు" అని ఈయన ఇంతెత్తున లేచాడు. అక్క తన గరిటె తాను తీసుకుని వెళ్లిపోయింది. అప్పటినుంచి తిట్టే మనిషి లేక వంటగది బోసిపోయింది. కూర దించిన ప్రతిసారీ పక్కకు తిరిగి చూస్తే అక్కడ ఎవరూ లేకపోవడం ఆయనకు అలవాటు కాలేదు. నిన్న అక్క ఫోన్ చేసి, "రేపు మధ్యాహ్నం బస్సుకొస్తున్నా" అని పెట్టేసింది. పద్దెనిమిదేళ్లు ఆ హోటల్లో చాకిరీ చేసిన అక్క, ఒక్కనాడైనా కిటికీ దగ్గర కూర్చుని సముద్రం చూస్తూ తినలేదు. ఇవాళ తినాలి.

వడ్డనకు కొత్తగా చేరినాయన అంతకుముందు గోడౌనుకు కాపలా కాసేవాడు.

"ఎంతటివాళ్లొచ్చినా ఆ బల్ల ఇవ్వకు. చాలా పెద్దమనిషి వస్తోంది. నాలుక మహా పదును. తప్పు దొరికితే పరువు తీసేస్తుంది" అని పీతలాయన అతనికి చెప్పి వంటలో పడ్డాడు.

పక్క హోటలు నిప్పులాయన గోడవతల ఈ మాటలన్నీ విన్నాడు. హోటళ్ల మీద పత్రికల్లో రాసేవాళ్లెవరో వస్తున్నారని తేల్చుకుని, తనూ ఒక మంచి బల్ల అట్టేపెట్టాడు. అది చూసి నూడుల్సాయన రెండు పెట్టాడు. పడవాయన పడవ మొత్తం ఖాళీ చేయించాడు. పన్నెండయ్యేసరికి వీధినిండా ఖాళీ బల్లలు, వాటి ముందు ఆకలితో జనం.

ఆకలి ఊరుకుంటుందా? "నేను ఓనరుకి బావనండీ" అని ఒకడు కాపలాయన దగ్గరికొచ్చాడు. తర్వాత ఇంకో బావ, ఆపైన మేనమామ. కాపలాయన ఎవర్నీ గడప దాటనివ్వలేదు.

పీతలాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఎవరన్నా వచ్చారా?" అన్నాడు.

"చుట్టాలమంటూ చాలామందొచ్చారండీ. ఇప్పుడే ఒకావిడ, మీ అక్కనంది. ఇద్దరు బావల్ని పంపేసినవాణ్ణి, అక్కనొదుల్తానా? పంపించేశా."

పీతలాయన చేతిలో గుడ్డ అక్కడే పడేశాడు. అలాగే బస్టాండుకు పరుగెత్తాడు. ఆయన్ని చూసి, పెద్దమనిషి దిగిందనుకుని, ఏడుగురు హోటళ్లవాళ్లూ తలో గిన్నె పట్టుకుని వెంటపడ్డారు. వీళ్లు చేరేసరికి అక్క ఊరికి తిరిగెళ్లే బస్సు మలుపు తిరుగుతోంది. "అక్కా!" అని ఒక్క కేక వేసి, పీతలాయన అక్కడి బెంచీ మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ముందు గుమ్మంలో నిలబడ్డ జనానికి మొహం చూపించలేక, వెనక సందులోంచి హోటలుకొచ్చాడు. వంటగదిలో పొయ్యి దగ్గర, పాత ముక్కాలిపీట మీద అక్క కూర్చుని ఉంది. చేతిలో అదే గరిటె.

"ముందు వాకిట్లో ఎవరో మహారాణి వస్తోందని రానివ్వలేదురా. ఇటు దారి నాకు తెలియందా?"

"ఆ మహారాణివి నువ్వేనే అక్కా! కిటికీ దగ్గర నీకోసమే బల్ల..."

"నాకెందుకురా బల్ల? అక్కణ్ణుంచి నువ్వు కనిపించవుగా."

అక్క కూర కాస్త నాలుక మీద వేసుకుని, మొహం చిట్లించింది.

"ఉప్పు చాల్లేదు."

ఆరేళ్లుగా ఆ మాట కోసమే మొహం వాచిన మనిషి, ఉప్పు డబ్బా తెచ్చి అక్క చేతిలో పెట్టాడు.

ఆయన వెంటే వచ్చి వెనక సందులో గిన్నెలతో పొంచి వింటున్న ఏడుగురూ, పెద్దమనిషి తీర్పు ఇదేననుకుని గప్‌చుప్‌గా వెనక్కి వెళ్లి, తమ తమ వంటల్లో తలో గుప్పెడు ఉప్పు వేసుకున్నారు.

ఆ సాయంత్రం వీధిలో మంచినీళ్లకు కరువొచ్చింది.