ఏనుగు పడితేనే చదువు

మా బడిలో ఐదో తరగతి పిల్లలందరికీ లెక్కల్లో సున్నా మార్కులు వచ్చాయని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఒకరిద్దరికి కాదు. ముప్పై ఎనిమిది మందికీ, యాభై ప్రశ్నలకూ సున్నా. పందొమ్మిదేళ్లుగా ఈ బడి ఆఫీసులో గుమాస్తాగా మార్కుల పట్టికలు నింపుతున్నాను గానీ, ఇంత ఐకమత్యం గల తరగతిని ఎన్నడూ చూడలేదు.

ఈ ఘనతంతా ట్యాబుల్లోకి కొత్తగా వచ్చిన లెక్కల యాప్‌దే. దాన్ని తయారుచేసిన నిపుణుడు పిల్లల మనసు బాగా ఎరిగినవాడు. ప్రశ్నకు నాలుగు జవాబులు పెట్టాడు. సరైనది నొక్కితే ఓ చిన్న ఆకుపచ్చ టిక్కు వస్తుంది, ఆయన గొంతే "అభినందనలు, తదుపరి ప్రశ్నకు వెళ్లగలరు" అంటుంది. తప్పు నొక్కితే పాపం పిల్లలు నొచ్చుకుంటారు కదా! వాళ్లను ఓదార్చడానికి ఒక ఏనుగును నియమించాడు. నిక్కరు తొడుక్కున్న ఆ ఏనుగు దర్జాగా నడిచొచ్చి, అరటితొక్క మీద కాలేసి, బురదలో దబ్బున పడుతుంది. నిక్కరు పర్రున చిరుగుతుంది. ఓదార్పు విషయంలో ఆయన ఏ లోటూ చేయలేదు.

ఈ సంగతి కనిపెట్టడానికి పిల్లలకు నాలుగు నిమిషాలు పట్టింది. అయితే చిక్కొకటి ఉంది. కళ్లు మూసుకుని నొక్కినా నాలుగింట ఒకటి సరైన జవాబుకే తగిలి తీరుతుంది. అప్పుడు ఏనుగు రాదు. "ఛీ, టిక్కొచ్చిందిరా!" అని తరగతంతా తల పట్టుకునేది. కాబట్టి సున్నా తెచ్చుకోవాలంటే కష్టపడి చదవడం తప్ప వేరే దారి లేదని తేలింది.

ఇక చూడండి, చదువే చదువు! పిడుగు అని మేం ముద్దుగా పిలిచే ఓ పిల్ల భిన్నాలన్నీ కంఠతా పట్టేస్తుంటే వాళ్ల నానమ్మ నోరెళ్లబెట్టింది.

"ఏమే, ఎప్పుడూ లేనిది పుస్తకం పట్టావేంటే?"

"రేపు ఒక్కటి కూడా కరెక్ట్ అవ్వకూడదు నానమ్మా, ఉండు!"

నానమ్మ ఆనందంతో పొంగిపోయి, ఎదురింటావిడకు కూడా చెప్పుకుంది.

మార్కులు చూసి బడి కమిటీ అధ్యక్షులవారు మాత్రం అత్యవసర సమావేశం పెట్టారు. లెక్కల టీచరుగారు, అంటే పదహారేళ్లుగా చెయ్యంతా సుద్దపొడితో తిరిగే ఆవిడ, పిల్లల్ని వరసగా నిలబెట్టి నోటితో అడిగారు. ముప్పై ఎనిమిది మందీ టకటకా చెప్పేశారు. అధ్యక్షులవారు గంభీరంగా తల పంకించి, "చెప్పారు, కాదనను. కానీ నోటితో చెప్పినవి యాప్‌లో పడవు కదమ్మా!" అన్నారు. మళ్లీ సున్నా వస్తే టీచరుగారి ఉద్యోగం ఊడుతుందని మెమో ఇచ్చారు. అదే వారం, పిల్లలు యాప్‌ను అత్యధిక సమయం వాడిన బడిగా మాకో బహుమతి వచ్చింది. మెమోనూ బహుమతినీ గోడకు పక్కపక్కనే తగిలించాను, ఒకే మేకుకి.

టీచరుగారు నిపుణుణ్ణి ఒక్కటే కోరారు. "ఆ ఏనుగేదో సరైన జవాబు దగ్గర పడేట్టు చెయ్యండి బాబూ, చాలు." ఇది తన సిద్ధాంతానికే విరుద్ధమని ఆయన మూడు వారాలు అలిగాడు. నాలుగో వారం అదే పని చేసి, దానికి 'విప్లవాత్మక రెండో దశ' అని పేరు పెట్టుకున్నాడు. పరీక్ష జరిగింది. ముప్పై ఎనిమిది మందికీ యాభైకి యాభై!

సన్మానం ఘనంగా చేశాం, నిపుణుడికి. శాలువా బరువుకి వంగిపోతూనే ఆయన ఉపన్యసించాడు. "ఏ మనిషీ నేర్పలేనిది మా యాప్ ఒక్క నెలలో నేర్పింది!" చప్పట్లు సద్దుమణిగాక అధ్యక్షులవారికి సహజంగానే ఒక సందేహం కలిగింది. యాప్ ఇంత బాగా చెబుతుంటే టీచరెందుకు? సున్నా వస్తే చేతకానందుకు తీసేయాలి, వందశాతం వస్తే అవసరం లేనందుకు తీసేయాలి. ఇంత పకడ్బందీ తర్కానికి ఎవరం మాత్రం ఏం చెప్పగలం?

అయినా మాది న్యాయమైన కమిటీ. ఓటింగు పెట్టాం. నాతో కలిపి ఏడుగురం. ఆవిణ్ణి పంపేయాలని ఏడుగురిలో ఒక్కరికీ లేదు, ఒట్టు. అధ్యక్షులవారి కూతురికి ఎక్కాలు వచ్చింది ఆవిడ చలవే. మా అబ్బాయికి భాగహారం పట్టుబడిందీ ఆవిడ చలవే. ఓటింగు కూడా ట్యాబుల్లోనే, నిపుణుడే తయారుచేశాడు. 'కొనసాగించాలి' అని ఒక బటన్, 'తొలగించాలి' అని ఒకటి. తొలగించాలని నొక్కినవాళ్లు పాపం బాధపడతారని, వాళ్ల ఓదార్పు కోసం అక్కడ ఏనుగును పెట్టాడు.

మొదట హెడ్మాస్టరుగారి వేలు 'తొలగించాలి' మీదికి జారింది. ఈసారి ఏనుగు కోటు తొడుక్కుని, టై కట్టుకుని, చంకలో ఫైళ్లతో వచ్చి, మెట్ల మీంచి దొర్లుకుంటూ పడింది! ఫైళ్లు గాల్లో ఎగిరాయి. అబ్బబ్బ, గదంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. "ఏదీ, ఏదీ, నా దాంట్లో కూడా వస్తుందా?" అంటూ అధ్యక్షులవారు నొక్కారు. మిగతావాళ్లు నొక్కారు. ఏడుకి ఏడు ఓట్లు. ఒకసారి పడిన ఓటు మార్చే వీలు యాప్‌లో లేదట.

తొలగింపు ఉత్తర్వు నేనే టైపు చేశాను. ఆవిడ సంతకం పెట్టి, సుద్దముక్కల డబ్బా నా బల్ల మీద ఉంచి, మెల్లగా అడిగారు.

"మా పిల్లలు సరైనదేదో ముందు తెలుసుకుని, ఆ తర్వాతే తప్పు నొక్కేవాళ్లండీ. మీకూ సరైనదేదో ముందే తెలుసా?"

"తెలుసు టీచర్. తెలిసే నొక్కాను."

సిగ్గుతో తలెత్తలేకపోయాను. మీరు నన్ను తిట్టుకుంటున్నారని తెలుసు, తిట్టుకోండి. కాకపోతే ఒక్క మాట. కోటు వేసుకున్న ఆ ఏనుగు ఇందాక మెట్ల మీంచి దొర్లుతున్నప్పుడు మీకు టీచరుగారు గుర్తున్నారా?